మొదటి పాత కారు: పాలకొల్లు అంబాసిడరా, కాకినాడ పద్మినియా? బండి తెలిసినవాళ్లు చెప్పండి

మండపేట అమ్మాయి:

అందరికీ నమస్కారమండి. నేను మండపేటలో ఒక రైస్ మిల్లులో అకౌంట్స్ చూస్తాను. నా పేరు మీద ఇంతవరకు స్కూటీ తప్ప ఇంకో బండి లేదు. కారు నడపడం వచ్చు, లైసెన్సు ఉంది. మా అన్నయ్య వ్యాగన్ఆర్ రావులపాలెం, రాజమండ్రి వెళ్లాలంటే నేనే తీస్తాను. ఈమధ్య చీటీ పాడుకుంటే రెండున్నర లక్షలు చేతికొచ్చాయి. దాంతో ఒక పాత కారు కొనాలని ఉంది. సెకండ్ హ్యాండ్ ఆల్టో లాంటిది కాదండి. అంబాసిడర్ గానీ, ప్రీమియర్ పద్మిని గానీ.

ఎందుకని ఎలాగూ అడుగుతారు కాబట్టి ముందే చెప్పేస్తాను. మా నాన్న రావులపాలెం స్టాండులో పాతికేళ్లు ఓనరు గారి అంబాసిడర్ నడిపారు. పెళ్లిళ్లు, తిరుపతి కిరాయిలు, రాత్రిపూట కాకినాడ ఆసుపత్రికి పరుగులు, అన్నీ ఆ బండి మీదే. సొంతానికి ఒకటి కొనుక్కోవాలని ఉండేది, మా చదువులతో కుదరలేదు. ఇప్పుడు చూపు ఆనక స్టీరింగ్ పట్టడం మానేశారు. కానీ పక్కన కూర్చోబెడితే చప్పుడు విని ఏ ప్లగ్గు సరిగా కొట్టట్లేదో చెబుతారు. ఆయన ఓపికగా ఉన్నప్పుడే కొనాలని నా కోరిక. ఇంట్లో మిగతావాళ్లకు ఇష్టం లేదు. నాన్న పైకి వద్దంటున్నారు గానీ, పేపర్లో ఇంజిన్ ఆయిల్ ధరలు చూస్తున్నారు.

రెండు బండ్లు చూశాను.

ఒకటి పాలకొల్లు దగ్గర ఊళ్లో, 1986 అంబాసిడర్ మార్క్ 4, పెట్రోలుది. ఒక రిటైర్డ్ లెక్చరర్ గారిది, ఆయన రెండో ఓనరు. తెల్ల రంగు వెలిసిపోయింది, ఎడమవైపు ముందు డోరు కింద అంచున పొక్కులు లేచాయి. సీట్లు చిరిగాయి. కానీ ఆయన వారం వారం దాన్ని బజారుకు తీస్తారు. సెల్ఫ్ కొట్టగానే లేచింది. స్టీరింగ్ పక్కనుండే గేరు లివరు మాత్రం కాస్త వదులుగా ఆడుతోంది. లక్షా ఎనభై వేలు అడుగుతున్నారు.

రెండోది కాకినాడలో, 1990 పద్మిని. పాత కార్లు అమ్మే షాపులో ఉంది. లేత నీలం రంగు, కొత్తగా పెయింట్ వేశారు, అద్దంలా మెరుస్తోంది. సీట్ కవర్లు కొత్తవి, మ్యూజిక్ సిస్టమ్ కూడా పెట్టారు. రెండు లక్షల అరవై వేలు, బేరం ఉందన్నారు. బ్యాటరీ డౌనయిందని ఆ రోజు దూరం తిప్పనివ్వలేదు. నిజం చెప్పాలంటే మనసు దాని మీదికే పోతోంది.

నాన్నకు నడపడం తెలుసు, ఇంజిన్ తెలుసు. బాడీ పనులూ కాయితాలూ ఎప్పుడూ ఓనరు గారే చూసుకునేవారట. అందుకే ఇక్కడ అడుగుతున్నాను. ఏది కొనాలి, ఏం చూడాలి? పదిహేనేళ్లు దాటిన బండ్లను తుక్కు కింద తీసుకుపోతారని మా అన్నయ్య భయపెడుతున్నాడు, అది నిజమేనా? ఇప్పుడొచ్చే ఇథనాల్ పెట్రోలు వీటికి పడుతుందా? రోజూ వాడను. శనివారం వాడపల్లి, ఎప్పుడైనా ద్రాక్షారామం, అంతర్వేది. ఇంటి పక్కన రేకుల షెడ్డు ఉంది, నేల మట్టిది.

భీమవరం 800:

మేడమ్, మీరు అడిగిన రెండింట్లో లేని మాట చెబుతున్నాను, కోపం తెచ్చుకోకండి. మొదటిసారి కొనేవాళ్లకు పాత మారుతి 800 అంత మంచి బండి లేదు. 1983 డిసెంబరులో మొదటి బండి బయటికొచ్చింది. ఇప్పుడు అది కూడా క్లాసిక్కే. 796 సీసీ, మూడు సిలిండర్లు. నాది 1994 మోడల్, కార్బురేటర్‌ది. భీమవరంలో ఏ సందులో ఆగినా దానికి పని తెలిసిన మెకానిక్ దొరుకుతాడు, సామాను కూడా ఊళ్లోనే దొరుకుతుంది. మీ బడ్జెట్‌లో సగానికే మంచిది వస్తుంది. మిగిలిన సగంతో దాన్ని కొత్త బండిలా చేయించుకోవచ్చు.

చూడాల్సింది రెండే. కార్పెట్ ఎత్తి అడుగు రేకు చూడండి. ముందు షాక్ అబ్జార్బర్ పైన బానెట్ లోపల ఉండే రేకు చూడండి, అక్కడ తుప్పు పడితే వదిలేయండి. కొన్నాక టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారని అడక్కుండా కొత్తది వేయించేయండి.

మీ నాన్నగారి సంగతి చదివాక అంబాసిడరే కొనాలనిపించడం న్యాయమే. అయినా బ్రేకులు, స్టీరింగ్, పార్కింగ్ అన్నీ ఆలోచించుకుని దిగండి. వ్యాగన్ఆర్ అలవాటైన చేతులకు అంబాసిడర్ స్టీరింగ్ నిలబడి ఉన్నప్పుడు తిప్పడం కష్టం.

చించినాడ వంతెన:

అమ్మా, మాది చించినాడ దగ్గర. ఆర్టీసీ గ్యారేజీలో పనిచేసి రిటైరయ్యాను. ఇంట్లో 1978 మార్క్ 3 అంబాసిడర్ ఉంది, దాని పని అంతా నేనే చేసుకుంటాను. భీమవరం అబ్బాయి చెప్పింది తప్పు కాదు. కానీ నువ్వు 800 కొంటే ఏడాదిలోగా మళ్లీ అంబాసిడర్ వెతుక్కుంటావు. కోరిక ఒకటీ కొనేది ఒకటీ అయితే రెండుసార్లు ఖర్చు.

మనవైపు పాత కారు కొనేవాళ్లు ఇంజిన్ విని కొంటారు. నేను చెప్పేది, రేకు చూసి కొను. ఇంజిన్ ఎంత పాడైనా నిలబెట్టొచ్చు. అంబాసిడర్ 1489 సీసీ ఇంజిన్ ఇంగ్లండ్ బీఎంసీ వాళ్ల పాత డిజైను, పోత ఇనుము బ్లాకు. బోరింగ్ చేయించి ఓవర్‌సైజు పిస్టన్లు వేస్తే, క్రాంకు గ్రైండింగ్ చేయిస్తే మళ్లీ ఏళ్ల తరబడి తిరుగుతుంది. రాజమండ్రిలో, తాడేపల్లిగూడెంలో ఆ పని తెలిసిన లేత్ షాపులు ఇంకా ఉన్నాయి. బాడీ సంగతి అలా కాదు. అంబాసిడర్‌కి గానీ పద్మినికి గానీ లారీకి ఉన్నట్టు కింద వేరే చాసిస్ ఉండదు. అడుగు రేకు, డోర్ల కింద పొడుగునా వెళ్లే సిల్లులు, డిక్కీ నేల, ఇవే బండి బరువంతా మోస్తాయి. వాటిని తుప్పు తినేసిందంటే పైన ఎంత రంగు వేసినా ఆ బండి రోడ్డు మీద తిరగాల్సింది కాదు.

ఆ తుప్పు మన డెల్టాలో పట్టినట్టు రాయలసీమలో పట్టదు. ఇక్కడ గాలిలోనే చెమ్మ. నర్సాపురం, అంతర్వేది వైపు సముద్రపు గాలి. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో ఉప్పు నీళ్లు, వాటి వ్యాన్లు రోడ్డంతా కార్చుకుంటూ పోతాయి, ఆ నీళ్లు వెనక వచ్చే కారు అడుగున పడతాయి. లంక గ్రామాల బండ్లయితే వరద కూడా చూసి ఉంటాయి. 1986 ఆగస్టులో వచ్చింది పాత మాట, 2022 జులైలో వచ్చింది మనందరికీ గుర్తే. వరదలో మునిగిన బండిని సీట్లు ఎండబెట్టి, పెయింట్ కొట్టి, దూరపు ఊరికి తీసుకెళ్లి అమ్మేస్తారు.

మా బంధువొకాయన కొనబోయిన పద్మిని ఒకటి చూడ్డానికి వెళ్లాను. బయట ఒక్క గీత లేదు. సిల్లు కింద నీళ్లు కారిపోవడానికి చిన్న చిన్న కంతలుంటాయి. వాటిలో ఒకదాంట్లోకి సన్న తీగ పెట్టి కదిపాను. కింద పరిచిన పేపరు మీద బూడిదరంగు ఒండ్రు రాలింది, అందులో వరి పొట్టు. ఇంకొంచెం కదిపితే ఒండ్రు అయిపోయి ఎర్రటి తుప్పు పెచ్చులు రావడం మొదలైంది. గోదారి ఒండ్రు చేలో పడితే బంగారం, సిల్లులో పడితే తడిని పట్టుకుని వదలదు. రేకు లోపలి నుంచి తినేస్తుంది. బయటికి పొక్కు కనబడే వేళకు లోపల సగం పోయినట్టే.

కాబట్టి నువ్వు చేయాల్సింది ఇది. పాత స్పీకర్లో ఉండే అయస్కాంతం ఒకటి తీసుకుని పల్చటి గుడ్డ చుట్టు, పెయింట్ గీసుకోకుండా. డోర్ల కింది అంచులు, చక్రాల పైన వంపులు, సిల్లులు, డిక్కీ మూత కింది అంచు, వీటి మీద మెల్లగా జరుపుకుంటూ పో. రేకున్న చోట పట్టుకుంటుంది. పుట్టీ దట్టంగా ఉన్న చోట జారి పడిపోతుంది. ఒక చోట పుట్టీ ఉంటే ఎప్పుడో సొట్ట పడిందనుకోవచ్చు. సిల్లు పొడుగునా పుట్టీ ఉంటే అక్కడ రేకే లేదని అర్థం.

తర్వాత లోపల మ్యాట్లు ఎత్తు. క్లచ్, బ్రేకు పెడల్స్ కింద, సీట్ల కింద స్క్రూడ్రైవర్ పిడితో తట్టు. మంచి రేకు టంగుమంటుంది, పోయిన రేకు మెత్తగా దబ్బుమంటుంది. డిక్కీలో స్టెప్నీ బయటికి తీసి కింద చూడు. వెనక కమాన్ కట్టలు బాడీకి బిగించే చోటు, అంబాసిడర్‌కైతే ముందు చక్రాలకు స్ప్రింగుల్లా పనిచేసే టార్షన్ బార్లు వెనక్కి వచ్చి ఆనే చోటు టార్చి వేసి చూడాలి. వీటికి పిట్ మీదికి ఎక్కించక తప్పదు, చీర కట్టుకుని వెళ్లొద్దు.

అన్నిటికన్నా నేను నమ్మేది జాకీ పరీక్ష. సిల్లు దగ్గర జాకీ పెట్టే చోట పెట్టి ఒకవైపు చక్రాలు నేల మీద నుంచి లేచేదాకా ఎత్తు. ఇప్పుడు అటువైపు డోర్లు తెరిచి మూయి. మామూలుగా పడితే బాడీ గట్టిది. డోరు పట్టేసినా, అంచు కిందికి జారి తగులుతున్నా, జాకీ కింద రేకు కరకరమన్నా దండం పెట్టి వచ్చేయ్. జాకీ పెట్టనివ్వనన్నా కూడా అంతే.

ఇంజిన్ సంగతి మీ నాన్నగారికి తెలుసు కాబట్టి ఎక్కువ చెప్పను. నువ్వు వెళ్లేసరికి బానెట్ చల్లగా ఉండాలి. ముందే వేడి చేసి పెట్టారంటే పొద్దున్నే లేవని బండి. రేడియేటర్ మూత తీస్తే నీళ్ల మీద నూనె తెట్టు ఉండకూడదు. నడుస్తున్నప్పుడు ఆయిల్ పోసే మూత తీస్తే కాస్త ఆవిరి వస్తే ఫర్వాలేదు, గుప్పుగుప్పుమని పొగ కొడితే రింగులు పోయినట్టు. గేరు లివరు ఆడడం బుష్షుల అరుగుదల, చిన్న పని. మొదటి గేరుకు ఈ బండ్లలో సింక్రోమెష్ (గేరు పళ్ల వేగం కలిపే ఏర్పాటు) ఉండదు, బండి పూర్తిగా ఆగాక వేస్తేనే చప్పుడు లేకుండా పడుతుంది, దాన్ని చూసి భయపడకు. ఇంకొక మాట అడుగు, హెడ్డు పని ఎప్పుడు చేయించారని. మన దేశంలో 2000 నుంచి సీసం కలపని పెట్రోలే దొరుకుతోంది. ఈ ఇంజిన్లు సీసం ఉన్న రోజుల్లో తయారైనవి, ఆ తర్వాత వాల్వ్ సీట్లు, అంటే హెడ్డులో వాల్వులు ఆనే అంచులు, త్వరగా అరుగుతాయి. గట్టి సీట్లు వేయించి ఉంటే మంచిది.

ఇథనాల్ గురించి భయం అక్కర్లేదు గానీ జాగ్రత్త కావాలి. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రబ్బరు పైపుల్ని ఉబ్బగొట్టి పగలగొడుతుంది. ట్యాంకు నుంచి పెట్రోలు లాగే ఏసీ పంపు లోపలి డయాఫ్రమ్ కూడా పోతుంది. బండి కొన్న వారంలోనే పెట్రోలు పైపులన్నీ ఇథనాల్‌కి ఆగే రకం వేయించు, పంపు రిపేర్ కిట్టు ఒకటి డ్యాష్‌బోర్డులో పెట్టుకో. ఇథనాల్ గాలిలో చెమ్మను లాక్కుంటుంది. మన వానాకాలంలో నెలల తరబడి ట్యాంకులో పెట్రోలు ఉంచి బండి కదపకపోతే ట్యాంకు అడుగున నీళ్లు చేరతాయి. అందుకే వారానికొకసారైనా తీయాలి. ఎండల్లో ట్రాఫిక్‌లో ఆగి మళ్లీ లేవకపోతే పంపు మీద తడిగుడ్డ వేసి పది నిమిషాలు ఆగు, లేస్తుంది. అది మీ నాన్నగారు వెయ్యిసార్లు చేసి ఉంటారు.

షెడ్డు నేల మట్టిదన్నావు. అది ముందు మార్చు. మట్టిలోంచి లేచే చెమ్మ అంతా బండి అడుగునే పడుతుంది. సిమెంటు వేయించలేకపోతే ఇటుకలు పరిచి కింద మందపాటి ప్లాస్టిక్ షీటు వేయి. ప్లాస్టిక్ కవరు మాత్రం బండి మీద కప్పొద్దు, లోపల ఉక్క పోసి తుప్పు ఇంకా పెరుగుతుంది. అంతర్వేది వెళ్లొచ్చిన రోజు అడుగంతా మంచినీళ్లతో కడిగించు. కొందరు వాడేసిన ఇంజిన్ ఆయిల్ అడుగున కొట్టిస్తారు, అది రబ్బరు బుష్షుల్ని పాడు చేస్తుంది. తుప్పు పట్టకుండా సిల్లుల లోపలికి కొట్టే మైనం వస్తుంది, అది కొట్టించు.

ఇక ఏది కొనాలని అడిగావు. చూడకుండా పూర్తిగా చెప్పలేను గానీ, పొక్కు దాచకుండా ఉంచిన బండి నాకు నచ్చుతుంది. కొత్త పెయింట్ కింద ఏముందో పెయింట్ వేయించిన వాడికే తెలుసు. సామాను లెక్కన చూసినా అంబాసిడరే మేలు. 2014 మేలో ఉత్తరపారా ఫ్యాక్టరీ ఆగేదాకా బాడీ పెద్దగా మారకుండా తయారైన బండి అది. విజయవాడ ఆటోనగర్‌లో వెతికితే చాలా దొరుకుతాయి, దొరకనివి కలకత్తా మల్లిక్ బజార్ నుంచి పార్శిల్ తెప్పించుకోవచ్చు. పద్మిని మంచి బండి, నడపడానికి అంబాసిడర్ కన్నా తేలిక కూడా. కానీ అది 2000 ప్రాంతంలో ఆగిపోయింది. ఇంజిన్ సామాను దొరుకుతుంది గానీ దాని అద్దాలు, క్రోమ్ పట్టీలు, డోరు రేకులు వెతికి వెతికి అలసిపోతావు.

రెండున్నర లక్షలూ బండికే పెట్టేయకు. లక్షన్నరకు దించు. మిగిలింది టైర్లకు, బ్రేకులకు, వైరింగ్‌కు అట్టేపెట్టుకో. వైరింగ్ పాతదైతే ముందు అదే మార్పించు, పాత వైర్ల వల్లే బండ్లు తగలబడేది.

కాయితాల పని:

కాకినాడలో ఇన్సూరెన్స్ పనులు చూస్తాను. బండి గురించి చించినాడ బాబాయి గారు చెప్పాక ఇంకేం చెప్పక్కర్లేదు. కాయితాల మాట వరకు నేను చెబుతాను.

మీ అన్నయ్య గారు విన్నది ఢిల్లీ సంగతి. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్ల మీద కోర్టు ఆంక్షలు వచ్చాయి. మన రాష్ట్రంలో సొంత కారుకు వయసు వల్ల నిషేధం లేదు. మొదటి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు, ఆ తర్వాత ఫిట్‌నెస్ చూసి ఐదేళ్లకోసారి రెన్యూవల్ చేస్తారు. అంటే 1986 బండికి 2001లో మొదలై 2006, 2011, 2016, 2021లో రెన్యూవల్ అయి ఉండాలి. సి-బుక్కులో ఆ తేదీలన్నీ వరుసగా ఉన్నాయో లేదో చూడండి. మధ్యలో వదిలేసి ఉంటే 2022 ఏప్రిల్ నుంచి కారుకు నెలకు 500 చొప్పున ఆలస్య రుసుము. పైగా 2025 ఆగస్టు నుంచి ఇరవై ఏళ్లు దాటిన కారు రెన్యూవల్ ఫీజు 10,000 చేశారు. గ్రీన్ ట్యాక్స్ వేరే. ఇవన్నీ బేరంలో కలపాలి. అమ్మేవారు "మీరు చేయించుకోండి, చిన్న పని" అంటే ఆ చిన్న పని ఖర్చు ధరలో తగ్గించమనండి.

సి-బుక్కులో ఉన్న చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు బండి మీద మీ కళ్లతో చూడండి. ఇది చాలా ముఖ్యం. మనవైపు అంబాసిడర్లకు పెట్రోలు ఇంజిన్ తీసేసి మ్యాటడోర్ డీజిల్ ఇంజిన్ వేసినవి చాలా ఉన్నాయి. సి-బుక్కులో ఎక్కించకుండా వేసి ఉంటే రెన్యూవల్ రోజున ఇన్‌స్పెక్టర్ గారు ఆపేస్తారు. అలాగే బండి నంబరు ఆన్‌లైన్లో కొట్టి చూడండి. పాత చేతిరాత పుస్తకాల వివరాలు కొన్ని కంప్యూటర్లోకి ఎక్కలేదు. ఎక్కకపోతే అది ఎక్కించే బాధ్యత అమ్మేవారిదే అని ముందే మాట్లాడుకోండి. ఎప్పుడో తీర్చేసిన ఫైనాన్స్ కూడా కొన్నిటికి పుస్తకంలో అలాగే ఉండిపోతుంది. ఫారం 35, ఫైనాన్స్ వాళ్ల లెటరు ఉంటేనే అది పోతుంది. ఆ కంపెనీయే ఇప్పుడు లేకపోతే తిప్పలు మామూలుగా ఉండవు.

కాకినాడ షాపు దగ్గర అడగాల్సింది ఒక్కటే. సి-బుక్కు ఎవరి పేరు మీద ఉంది? పాత ఓనరు సంతకాలు పెట్టిన ఖాళీ పేరు మార్పు ఫారాలు 29, 30 చేతిలో పెట్టి "ఓపెన్ ట్రాన్స్‌ఫర్" అంటే ఒప్పుకోవద్దు. అసలు ఓనరును పిలిపించమనండి. కొన్న 30 రోజుల్లో మీ పేరుకు మార్చమని దరఖాస్తు పెట్టాలి, వాయిదా వేయకండి.

ఇన్సూరెన్సు ఈ రెండు బండ్లకూ ఒకే శ్లాబు. అంబాసిడర్ 1489 సీసీ, పద్మిని 1089 సీసీ. వెయ్యి నుంచి పదిహేను వందల సీసీ కార్లకు 2022 రేట్ల ప్రకారం థర్డ్ పార్టీ ప్రీమియం ఏడాదికి 3,416, జీఎస్టీ లెక్క వేరే. వాటితోపాటు ఓనర్ డ్రైవర్ పర్సనల్ యాక్సిడెంట్ కవరు మర్చిపోకండి.

వింటేజ్ నంబర్ ప్లేటు తీసుకోవచ్చా అని కొందరు అడుగుతుంటారు కాబట్టి అది కూడా చెబుతున్నాను. 2021 రూల్స్ ప్రకారం యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండ్లకే ఆ వీఏ సిరీస్. ఫీజు 20,000, పదేళ్లకు ఇస్తారు. మీరు చూసిన రెండూ దానికి రావు. బాబాయి గారి 1978 బండికి 2028లో వస్తుంది. వచ్చినా తొందరపడక్కర్లేదండి, ఆ ప్లేటు వేసుకున్న బండిని మామూలుగా రోజూ తిప్పకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, రిపేరుకు, పెట్రోలు పోయించుకోవడానికి మాత్రమే తీయాలి.

మండపేట అమ్మాయి:

బాబాయి గారూ, అందరికీ చాలా థాంక్సండి. మొన్న ఆదివారం నాన్నను తీసుకుని రెండూ మళ్లీ చూసి వచ్చాను.

ముందు కాకినాడ వెళ్లాం. గుడ్డ చుట్టిన అయస్కాంతం కుడి సిల్లు మీద ఎక్కడా నిలబడలేదు. వెనక చక్రం వంపు మీద కూడా అంతే. జాకీ పెడతానంటే "పెయింట్ పోతుందమ్మా" అన్నారు. సి-బుక్కు మూడో మనిషి పేరు మీద ఉంది, ఆయన దుబాయ్‌లో ఉన్నారట. అక్కడితో ఆ నీలం రంగు మీద మనసు తీసేశాను.

పాలకొల్లులో లెక్చరర్ గారు తనే జాకీ తెచ్చి ఇచ్చారు. ఎడమవైపు ఎత్తి డోర్లు రెండూ తెరిచి మూశాను, ఎక్కడా తగల్లేదు. కుడివైపు కూడా బాగానే పడ్డాయి. సిల్లు కంతల్లో తీగ పెడితే దుమ్ము వచ్చింది గానీ ఒండ్రు రాలేదు. ముందు సీటు కింద ఎడమవైపు మ్యాటు ఎత్తితే రూపాయి బిళ్లంత కంత ఒకటి ఉంది, చుట్టూ నాలుగు వేళ్ల మేర రేకు మెత్తబడింది. డోరు కింది అంచు పొక్కులు ఉండనే ఉన్నాయి. మిగతా చోట్ల అయస్కాంతం బాగా పట్టింది. నంబర్లు రెండూ పుస్తకంతో సరిపోయాయి, రెన్యూవల్ 2026 నవంబరు దాకా ఉంది, ఫైనాన్స్ ఏమీ లేదు. ఆన్‌లైన్లో కూడా కనబడుతోంది.

నాన్న బానెట్ మీద చెయ్యి పెట్టి చల్లగానే ఉందన్నాక సెల్ఫ్ కొట్టించారు. కాసేపు విని, మూడో సిలిండర్ ట్యాపెట్ సర్దాలి, ఇంకేం లేదన్నారు. నేను మార్టేరు దాకా నడిపాను. స్టీరింగ్ బరువు భీమవరం వారు చెప్పినంతా ఉంది, కదిలాక తేలిగ్గానే ఉంది. మొదటి గేరు బండి ఆగాకే వేశాను, చప్పుడు రాలేదు. లక్షా యాభై ఐదు వేలకు ఒప్పుకున్నారు. అడ్వాన్స్ ఐదు వేలు ఇచ్చాను.

ఒక్క విషయమే టెన్షన్‌గా ఉంది. బ్రేకు మొదటిసారి తొక్కితే పెడల్ బాగా కిందికి పోతోంది. రెండోసారి వెంటనే తొక్కితే పైనే పట్టుకుంటోంది. నాన్న ఇది మామూలే, డబుల్ కొట్టి నడుపుకోవచ్చంటున్నారు. అలా పాలకొల్లు నుంచి మండపేట తెచ్చేయొచ్చా?

చించినాడ వంతెన:

వద్దమ్మా. మీ నాన్నగారి అనుభవం మీద నాకు గౌరవం ఉంది. స్టాండు బండ్లు అలాగే నడిపేవాళ్లం అందరం. అప్పటి రోడ్లు వేరు. ఇప్పుడు మార్టేరు, పెనుగొండ దాటి సిద్ధాంతం వంతెన దగ్గర హైవే ఎక్కాక నీ వెనక వచ్చేవి నలభై టన్నుల ట్రైలర్లు. ముందు బండి టక్కున ఆగితే రెండోసారి తొక్కే టైము నీకు ఉండదు.

రెండోసారికి పైకి వస్తోందంటే చాలావరకు షూలకూ డ్రమ్ములకూ మధ్య సందు ఎక్కువైందని. ఈ బండికి నాలుగు చక్రాలకూ డ్రమ్ములే, ఎప్పటికప్పుడు చేత్తో అడ్జస్ట్ చేయాలి. ఎవరూ చేయరు. అది అరగంట పని. అయినా అడ్జస్ట్ చేసి వదిలేయొద్దు, నాలుగు డ్రమ్ములూ విప్పించు. వీల్ సిలిండర్ రబ్బరు మూత వెనక్కి తీస్తే లోపల తడి ఉండకూడదు. తడి ఉంటే బ్రేక్ ఆయిల్ లీకవుతున్నట్టు, ఆ సిలిండర్ మార్చాలి. షూల మీద నూనె మరకలున్నా మార్చాలి. అప్పుడు పాత ఆయిల్ అంతా తీసేసి కొత్తది పోసి గాలి తీయించు. అవన్నీ చేశాక పెడల్ మీద కాలు గట్టిగా నొక్కి అలాగే ఒక నిమిషం ఉంచు. మెల్లగా కిందికి జారుతుంటే మాస్టర్ సిలిండర్ కూడా పోయినట్టే. ఈ బండికి లైను ఒకటే, ఎక్కడ లీకైనా నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది, అందుకే ఇంత చెబుతున్నాను.

రబ్బరు బ్రేకు పైపులన్నీ చూడండి, వంచితే పగుళ్లు కనబడితే అవి కూడా మార్చేయాలి. ఈ పని పాలకొల్లులోనే లెక్చరర్ గారి ఇంటి దగ్గర చేయించు. సామాను నేను తెప్పిస్తాను. ఆ అడుగు రేకు కంత గురించి కంగారు లేదు, మెత్తబడ్డ మేర కోసేసి కొత్త రేకు వెల్డింగ్ చేయించడమే. పైన పుట్టీ రాసి మూసే డెంటర్ దగ్గరికి మాత్రం తీసుకెళ్లకు.

తెచ్చే రోజు తెల్లవారుజామున బయల్దేరండి, మీ అన్నయ్యను వ్యాగన్ఆర్‌లో వెనకే రమ్మను. జొన్నాడ దాటాక ఆలమూరు రోడ్డు పట్టుకుంటే లారీలు తగ్గుతాయి. రావులపాలెంలో ఒకసారి ఆగి నాలుగు డ్రమ్ములూ చేత్తో తాకి చూడు. ఒకటి మిగతా మూడింటికన్నా బాగా వేడిగా ఉంటే అక్కడ షూ పట్టేస్తోంది, నాకు ఫోను చేయమని లెక్చరర్ గారికి చెప్పు, ఆయన దగ్గర నా నంబరు ఉంది. డ్రమ్ములు విప్పాక లోపలి ఫోటోలు నాలుగూ ఇక్కడ పెట్టమ్మా, ఏ సిలిండర్ మార్చాలో చూసి చెబుతాను.